రాజుగారి పోస్టుమార్టం

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరుసలో మా సోషల్ మాస్టారి సతీమణి అమ్మగారు కూర్చున్నారు. నాతోపాటు ఈ బడి బెంచీలు అరగదీసిన మిత్రులున్నారు. వెనక నిలబడి ఇప్పటి విద్యార్థులు భోజనాలు ఎప్పుడు పెడతారా అని చూస్తున్నారు.

సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "డాక్టరువి కదా, షుగరు గురించో బీపీ గురించో ఒక అరగంట చెప్పు" అన్నాడు. నేను ముప్పై ఏళ్ళకు పైగా ఫోరెన్సిక్ మెడిసిన్ పాఠాలు చెప్పినవాణ్ణి. నా బల్ల మీదికి వచ్చినవాళ్ళెవరికీ షుగరు బాధ లేదు, బీపీ బాధ అంతకన్నా లేదు. కాబట్టి నాకు తెలిసిన పనే చెప్తానన్నాను. ఈరోజు ఒక పోస్టుమార్టం గురించి చెప్తాను. చనిపోయినవాడు ఇంగ్లండు రాజు మూడో రిచర్డు. చనిపోయింది 1485 ఆగస్టు 22న. రిపోర్టు వచ్చింది 2014లో. మన ప్రభుత్వాసుపత్రుల్లో రిపోర్టు ఆలస్యమైందని విసుక్కునేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి మరి.

ఈ రాజు పేరు నేను మొదటిసారి విన్నది ఈ బడిలోనే. తొమ్మిదో తరగతి. వేపచెట్టు పక్కన మూల గది. ఇప్పుడక్కడ కంప్యూటర్లు పెట్టారు. మా సోషల్ మాస్టారు గులాబీ యుద్ధాలు చెప్తున్నారు. యార్కు వంశంవాళ్ళది తెల్ల గులాబీ, లాంకాస్టరు వంశంవాళ్ళది ఎర్ర గులాబీ. ఒకే కుటుంబంలో రెండు కొమ్మలు, ముప్పై ఏళ్ళ పాటు తలలు నరుక్కున్నారు. చివర్లో మూడో రిచర్డు వచ్చాడు. గూనివాడట, ఒక చెయ్యి ఎండిపోయిందట, అన్నకొడుకులిద్దర్నీ కోటలో పెట్టి మాయం చేశాడట, రెండేళ్ళు తిరిగేసరికి యుద్ధంలో చచ్చాడట.

మా బెంచీలోవాడు లేచి, "ఎట్లా చచ్చాడు సార్?" అని అడిగాడు.

మాస్టారు సుద్దముక్క చేతిలో తిప్పుతూ కాసేపు ఆగారు. "గుర్రం బురదలో దిగబడితే చుట్టుముట్టి నరికారంటారు. శవాన్ని తర్వాత ఏట్లో పారేశారంటారు. అంటారు, అంతే. ఒరేయ్, ఇది రాసుకోండి" అని బోర్డు మీద మూడు ప్రశ్నలు రాశారు. చూసి చెప్పాడా? విని చెప్పాడా? గెలిచి చెప్పాడా?

పరీక్షలో అవి రావని తెలిసి మేము రాసుకోలేదు. కానీ నా వృత్తి అంతా ఆ మూడు ప్రశ్నల మీదే నడిచింది. ఈ రాజు విషయంలో ఆ ప్రశ్నలు వేసి చూద్దాం.

ముందు జరిగింది చెప్తాను. 1485 ఆగస్టు 7న హెన్రీ ట్యూడరు అనే ఇరవై ఎనిమిదేళ్ళవాడు ఫ్రాన్సు నుంచి కొద్దిపాటి సైన్యంతో వచ్చి వేల్సు తీరంలో దిగాడు. రెండు వారాలు నడిచి ఇంగ్లండు నడిబొడ్డుకు చేరాడు. లెస్టరు పట్టణానికి పడమరగా బాస్వర్తు దగ్గర రిచర్డు ఎదురయ్యాడు. సైన్యం రిచర్డుదే పెద్దది, యుద్ధం అనుభవం రిచర్డుకే ఉంది. హెన్రీ అప్పటిదాకా ఒక సైన్యాన్ని నడిపినవాడు కాడు.

అయితే అక్కడ మూడో సైన్యం ఒకటి ఉంది. స్టాన్లీ సోదరులది. పెద్దాయన లార్డు స్టాన్లీ హెన్రీ తల్లికి భర్త, అంటే హెన్రీకి మారుతండ్రి. కొలువు మాత్రం రిచర్డు దగ్గర. ఆయన కొడుకును రిచర్డు తన దగ్గర బందీగా పెట్టుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ వేలమందితో పక్కన నిలబడి ఎటు మొగ్గుతుందా అని చూస్తున్నారు. ఇక రిచర్డు సొంత పక్షంలోనే నార్తంబర్లాండు ప్రభువు దళం కదలకుండా నిలబడిపోయింది. ముందు వరసలో పోరాడుతున్న నార్‌ఫోకు డ్యూకు చనిపోయాడు.

అప్పుడు రిచర్డు హెన్రీ జెండాను దూరం నుంచి చూశాడు. హెన్రీ చుట్టూ కొద్దిమందే ఉన్నారు. హెన్రీ ఒక్కడు పడితే యుద్ధం అయిపోయినట్టే. తన అంగరక్షకులను వెంటబెట్టుకొని నేరుగా హెన్రీ మీదికి గుర్రం ఉరికించాడు. హెన్రీ జెండా మోస్తున్న విలియం బ్రాండన్‌ని చంపాడు. జాన్ చెయ్నీ అనే భారీ మనిషిని గుర్రం మీంచి పడగొట్టాడు. హెన్రీకి చాలా దగ్గరగా వచ్చేశాడు. ఆ క్షణంలో చిన్న స్టాన్లీ, విలియం, తన మనుషులతో హెన్రీ వైపు దూకాడు. అంతటితో తీరిపోయింది. రిచర్డుకు అప్పుడు 32 ఏళ్ళు. ఇంగ్లండు రాజుల్లో యుద్ధరంగంలో చనిపోయిన ఆఖరివాడు అతనే.

శవాన్ని బట్టలు ఊడదీసి గుర్రం మీద అడ్డంగా వేసి లెస్టరుకు తెచ్చారు. రాజు చచ్చాడని అందరూ నమ్మాలి గనక జనం చూసేలా పెట్టారు. తర్వాత ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మఠంలో పూడ్చారు. 1538లో ఆ మఠాన్ని మూసి పడగొట్టేశారు. ఎముకల్ని నదిలో విసిరేశారన్న కథ ఆ తర్వాత పుట్టింది. మా మాస్టారు చెప్పింది ఆ కథే.

ఇక మొదటి ప్రశ్న: చూసి చెప్పాడా? రిచర్డు ఎలా చనిపోయాడో రాసినవాళ్ళలో ఆ దెబ్బ పడటం కళ్ళారా చూసినవాడు కనపడడు. బర్గండీ ఆస్థానంలో ఉన్న మోలినే, గుర్రం బురదనేలలో దిగబడిందనీ వేల్సు సైనికుడొకడు హాల్బర్డుతో కొట్టి చంపాడనీ రాశాడు. హాల్బర్డంటే పొడవాటి కర్రకు గొడ్డలీ మొనా కలిపి బిగించిన ఆయుధం. ఆయన రాసింది సముద్రానికి అవతల కూర్చుని. కాబట్టి విని చెప్పినవాడు.

మూడో ప్రశ్నకు చాలామంది దొరుకుతారు. గెలిచిన హెన్రీ ఏం చేశాడో తెలుసా? తన పాలన యుద్ధానికి ముందురోజు, ఆగస్టు 21నే మొదలైందని ప్రకటించుకున్నాడు. దాంతో 22న రాజు పక్షాన నిలబడి పోరాడినవాళ్ళంతా రాజద్రోహులైపోయారు! తేదీ ఒక్కటి వెనక్కి జరిపితే చాలు, నేరం తలకిందులవుతుంది. మెడికో లీగల్ కేసుల్లో పనిచేసినవాడిగా చెప్తున్నాను, ఈ విద్య ఇంకా బతికే ఉంది.

జాన్ రౌస్ అనే మతాచార్యుడున్నాడు. రిచర్డు బతికున్నంత కాలం పొగిడాడు. హెన్రీ రాజయ్యాక, రిచర్డు రెండేళ్ళు తల్లి కడుపులో ఉన్నాడనీ, పళ్ళతో, భుజాల దాకా జుట్టుతో పుట్టాడనీ రాశాడు. హెన్రీ కొలువులో చరిత్ర రాసిన ఇటలీవాడు పాలిడోర్ వర్జిల్. ఆయన ఇంగ్లండుకు వచ్చిందే యుద్ధం అయిన పదిహేడేళ్ళకు. వందేళ్ళ తర్వాత షేక్స్పియరు వీళ్ళ రాతల సారమంతా తీసుకొని, గూనితో, ఎండిన చేతితో, యుద్ధభూమిలో గుర్రం కోసం కేకలు పెట్టే రాజును నాటకంలో నిలబెట్టాడు. ఆ తర్వాత లోకమంతటికీ రిచర్డంటే ఆ నాటకంలోని రిచర్డే.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. ఇంత తిట్టిన రౌసే, రిచర్డు చివరి ఊపిరిదాకా వీరుడిలా పోరాడాడనీ, ద్రోహం ద్రోహం అని అరుస్తూ పడిపోయాడనీ రాశాడు. వర్జిల్ కూడా, పారిపోయే వీలున్నా పోలేదనీ, శత్రువుల నడుమ ఒంటరిగా పోరాడుతూ చచ్చాడనీ రాశాడు. శత్రువు మనల్ని మెచ్చుకుంటే ఆ మాటకు విలువ ఎక్కువ. అయినా అదీ వినికిడే.

2012 ఆగస్టు 25న లెస్టరులో ఒక కార్లు నిలిపే స్థలం తవ్వడం మొదలుపెట్టారు. నగరపాలక సంస్థవాళ్ళ సాంఘిక సేవల కార్యాలయం పక్కనున్న పార్కింగు. పాత మఠం అక్కడే ఉండేదని తేల్చుకొని, ఫిలిప్పా లాంగ్లీ అనే రచయిత్రి ఏళ్ళ తరబడి వెంటపడి డబ్బు పోగుచేసి తవ్వించింది. తవ్వింది లెస్టరు విశ్వవిద్యాలయం పురావస్తు బృందం. మొదటిరోజే రెండు కాలి ఎముకలు బయటపడ్డాయి. ఎవరివో అనుకొని కప్పిపెట్టారు. తర్వాత ఆ చోటు చర్చిలో గాయకులు నిలబడే భాగమని తేలాక మళ్ళీ తెరిచారు. సెప్టెంబరు మొదట్లో అస్థిపంజరం మొత్తం బయటికి వచ్చింది. పాదాలు మాత్రం లేవు. తర్వాతి కాలపు కట్టడాలకు పోయాయి.

గొయ్యి మనిషి పొడవుకు చాలలేదు. తల ఒక పక్కకు ఎత్తిపెట్టినట్టుంది. శవపేటిక లేదు. తొందరగా, మర్యాద లేకుండా పూడ్చినట్టు ఆ గొయ్యే చెప్తోంది. వెన్నెముక పాములా మెలికలు తిరిగి ఉంది.

ఎవరని నిర్ధారించడానికి రిచర్డు అక్క యాన్ వంశాన్ని తల్లి వైపు నుంచి తరతరాలుగా వెతికారు. తల్లి నుంచి బిడ్డకు మాత్రమే వెళ్ళే ఒక రకం డీఎన్‌ఏ ఉంటుంది, మైటోకాండ్రియాలో. ఆ వరసలో చివరికి దొరికినవాడు లండన్‌లో కలప సామాన్లు చేసుకుంటున్న కెనడా దేశస్థుడు. ఆయన డీఎన్‌ఏ ఆ ఎముకలతో కలిసింది. 2013 ఫిబ్రవరి 4న, ఈయన మూడో రిచర్డే అని ప్రకటించారు. ఏట్లో పారేసిన శవం అయిదు వందల ఏళ్ళు కార్ల కింద పడుకొని ఉంది!

ఇప్పుడు నా పాఠం మొదలవుతుంది. 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ పోస్టుమార్టం నివేదికను నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఎముకల్ని సీటీ స్కానులతో, అంతకన్నా సూక్ష్మమైన మైక్రో సీటీతో చూశారు. ప్రాణం పోయే సమయంలోనో పోయిన వెంటనేనో తగిలిన గాయాలు మొత్తం 11. తొమ్మిది పుర్రెకు, ఒకటి పక్కటెముకకు, ఒకటి కటి ఎముకకు. ఒక్క గాయమూ మానడం మొదలుపెట్టలేదు. అంటే వాటి తర్వాత మనిషి బతకలేదు.

ఒక్కొక్కటే చూద్దాం. పుర్రె పైభాగాన మూడు చోట్ల ఎముకను చెక్కేసినట్టున్నాయి. పదునైన కత్తి ఏటవాలుగా తగిలితే అట్లా లేస్తుంది. బాగా నెత్తురు పోతుంది, కానీ వెంటనే చావరు. నడినెత్తిన మొనదేలిన ఆయుధం పై నుంచి దిగిన చిన్న రంధ్రం. చెంప ఎముకకు బాకు గుచ్చినట్టు ఒక రంధ్రం. దవడ మీద కోత గుర్తులు.

ఇవన్నీ ముందు నుంచి, పై నుంచి కనిపించేవి. అసలు గాయాలు పుర్రె అడుగున ఉన్నాయి, మెడ వెనక తల కలిసే చోట. ఒక పక్క పెద్ద ముక్క తెగి ఎగిరిపోయింది. కత్తి కావచ్చు, హాల్బర్డు వంటిది కావచ్చు. రెండోది మొన గాయం. అడుగు నుంచి మెదడులోకి దూసుకుపోయి ఎదురుగా పుర్రె లోపలి గోడకు తగిలిన గుర్తు ఉంది. రాజును చంపింది ఈ రెండు గాయాల్లో ఏదో ఒకటి అయ్యే అవకాశమే ఎక్కువ అని నివేదిక చెప్పింది. నిలబడ్డ మనిషికి ఆ చోట దెబ్బ తగలడం కష్టం. మోకాళ్ళ మీద పడి తల వంచి ఉండాలి, లేదా బోర్లా పడి ఉండాలి.

చేతులు చూడండి. ముంజేతుల మీద, అరచేతుల మీద ఒక్క గాయం లేదు. కత్తి మీదికొస్తే ఎవడైనా చెయ్యి అడ్డం పెడతాడు. మా శాస్త్రంలో వాటిని ఆత్మరక్షణ గాయాలంటాం. అవి లేవంటే చేతులకు కవచం ఇంకా ఉందన్నమాట. తలకు మాత్రం ఇన్ని గాయాలు. అంటే శిరస్త్రాణం పోయింది. ఊడిపోయిందో, లాగేశారో. ఒళ్ళంతా ఇనుము, తల మాత్రం బయట. చుట్టూ శత్రువులు, ఒకడికన్నా ఎక్కువమంది, ఒక రకం కన్నా ఎక్కువ ఆయుధాలు. ఎముకలు ఇంత మటుకు సాక్ష్యం చెప్పాయి.

కటి ఎముక గాయం వేరే కథ. పిరుదులోంచి పైకి పొడిచిన పోటు అది. కవచం ఉండగా అక్కడ ఆయుధం దిగదు. కాబట్టి కవచం ఊడదీశాకే, చచ్చాకే పొడిచి ఉంటారు. గుర్రం మీద అడ్డంగా, బట్టల్లేకుండా వేలాడుతున్న శవాన్ని గుర్తు తెచ్చుకోండి. అట్లా తీసుకుపోయారన్నది పుస్తకాల్లో ఉంది. ఎవడో దాన్ని కూడా వదల్లేదన్నది ఎముక మీద ఉంది.

ఇక గూని సంగతి. వెన్నెముక వంకర నిజమే. స్కోలియోసిస్ అంటారు, పక్కకు వంగడం. పుట్టుకతో వచ్చింది కాదు, ఎదిగే వయసులో మొదలైంది. కుడి భుజం కాస్త ఎత్తుగా ఉండేది. కానీ నాటకంలో చూపించే గూని లేదు. ఎండిన చెయ్యి అసలే లేదు. బట్టలు జాగ్రత్తగా కుట్టించుకుంటే ఎదుటివాడికి అంతగా తెలియదు. ఆ వంకర వెన్నుతో కవచం తొడుక్కొని, గుర్రమెక్కి, యుద్ధం మధ్యలోకి దూసుకుపోయాడు.

గెలిచినవాళ్ళు అబద్ధమూ చెప్పారు, నిజమూ చెప్పారు. చెయ్యి అబద్ధం, భుజం నిజం. నదిలో పారేశారన్నది అబద్ధం, నడిమధ్యన పోరాడి చచ్చాడన్నది నిజమే అనిపిస్తోంది. విన్నదాంట్లో ఏది నిలుస్తుందో చూస్తే గాని తెలియలేదు. మరి అన్నకొడుకుల మాటేమిటని అడుగుతారు. ఈ ఎముకలు దానికి జవాబు చెప్పవు. శవం తనకు ఏం జరిగిందో చెప్తుంది, తాను ఏం చేసిందో చెప్పదు. వీరుడిలా చచ్చినంత మాత్రాన మంచివాడని నేను రాయలేను.

ఇంతవరకు రాజుగారి కథ. ఇప్పుడు నా కథ ఒకటి చెప్పాలి. ఇది ఎప్పుడూ సభలో చెప్పలేదు. అమ్మగారు ఎదురుగా ఉన్నారు కాబట్టి చెప్తున్నాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. చిన్న తాలూకా ఆసుపత్రి. ఒక గీత కార్మికుడి శవం తెచ్చారు. తాటిచెట్టు మీంచి పడ్డాడని ఊరంతా చెప్పారు. శవ పంచనామాలోనూ అదే రాసుంది. సాయంత్రమైంది, కరెంటు లేదు, బయట నాకోసం ఓపీ కాచుకుని ఉంది. ఛాతీ తెరిచాను. పక్కటెముకలు విరిగి ఉన్నాయి. అది చాలనుకున్నాను. తలవెనక జుట్టు తీసి చూడలేదు. మెడ వెనక చూడలేదు. ఎత్తు నుంచి పడటం వల్ల మరణం అని సంతకం పెట్టాను.

వాళ్ళమ్మ మార్చురీ గుమ్మంలో కూర్చుని ఉంది. నేను బయటికి రాగానే లేచి, "బాబూ, వాడి మోకు తెగలేదయ్యా. చూడు, ఇదిగో" అని తాడు చూపించింది. నిజంగానే తెగలేదు. నేను, "కాలు జారి ఉంటుందమ్మా" అన్నాను. "ఒక్కసారి బోర్లా తిప్పి చూడు నాయనా" అంది. అప్పటికే కుట్లు వేసేశాం. రేపు చూస్తానన్నాను. రాత్రికే దహనం చేసేశారు.

అది హత్య అని నేను అనడం లేదు. కాలు జారే పడి ఉండవచ్చు. కానీ ఆ తల్లి అడిగినదానికి జవాబు ఒక గంటసేపు నా చేతుల్లో ఉంది. నేను ఊరు చెప్పింది విన్నాను, కాగితంలో ఉన్నది చదివాను, శవాన్ని తిప్పలేదు. మరుసటి ఏడాది ఫోరెన్సిక్‌లో పీజీ సీటుకు దరఖాస్తు పెట్టాను. ఎందుకురా ఆ శవాల పని అని ఇంట్లో అందరూ అడిగారు. ఎవరికీ చెప్పలేదు.

అందుకే లాన్సెట్‌లో ఆ పుర్రె అడుగుభాగం ఫొటో చూసినప్పుడు నాకు రిచర్డు గుర్తు రాలేదు, ఆ తాడు గుర్తొచ్చింది. ముందు నుంచి మాత్రమే చూసి ఉంటే ఆ రాజును ఏ దెబ్బ చంపిందో చెప్పగలిగేవాళ్ళం కాదు. ఆయన్ని 527 ఏళ్ళ తర్వాత అయినా తిప్పి చూడగలిగారు, మట్టిలో ఉన్నాడు కనక. నేను చూడవలసినవాడు ఆ రాత్రే బూడిదయ్యాడు.

మాస్టారు రిటైరయ్యాక ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. రిచర్డు అప్పటికింకా దొరకలేదు. ఈ తాడు సంగతి ఆయనకు చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. "నీ స్టూడెంట్లకు చెప్తున్నావా ఇది?" అని మాత్రం అడిగారు. లేదన్నాను. "చెప్పు" అన్నారు. ఆ తర్వాత ప్రతి కొత్త బ్యాచికీ మొదటి క్లాసులో చెప్పాను.

2015 మార్చి 26న రిచర్డును లెస్టరు కెథెడ్రల్‌లో మర్యాదగా మళ్ళీ సమాధి చేశారు. ఆ వార్త మాస్టారికి చెప్దామంటే అప్పటికి ఆయన లేరు. అందుకే ఇవాళ, ఆ బెంచీలో కూర్చుని "ఎట్లా చచ్చాడు సార్?" అని అడిగిన మిత్రుడు ఈ సభలోనే ఉన్నాడు కనక, ఆయన బదులు నేను జవాబు చెప్తున్నాను. తలకు శిరస్త్రాణం లేకుండా, చేతులకు కవచంతో, మోకాళ్ళ మీదో బోర్లానో పడి, వెనక నుంచి పడిన దెబ్బకు చచ్చాడురా. ఈసారి చూసినవాళ్ళు చెప్పారు.

వెనక నిలబడ్డ పిల్లలూ, ఆ మూడు ప్రశ్నలు మేము రాసుకోలేదు. మీరు రాసుకోండి. భోజనాలకు ఆలస్యమైతే మన్నించండి.